ముప్పై ఆరో జల్లెడ

(జల్లెళ్ళు అమ్మే షాపు. మధ్యాహ్నం. కౌంటరుకి అటు యజమాని, ఇటు సైన్స్ మ్యూజియంలో బొమ్మలు, నమూనాలు చేసే అబ్బాయి. నిచ్చెన మీద యజమాని కూతురు.)

"కూర్చోమన్నాను. మామయ్యగారూ అనమన్లేదు."

"అలవాటవుతుందని..."

"సరుకు చేతికి రాకముందే సంచీ మూతి కట్టేస్తావా? ప్రస్తుతానికి సార్ అను, చాలు. ఎందుకొచ్చావో చెప్పు."

"జల్లెడ కోసమండి. మ్యూజియం ఆర్డరు. ముప్పై ఆరోది."

"ముప్పై అయిదు సార్లు ఇదే మాట చెప్పావు. ముప్పై అయిదు సార్లూ మామూలు చొక్కా. ఇవాళ ఇస్త్రీ చొక్కా. జల్లెడకి ఇస్త్రీ చొక్కా ఎందుకు?"

"అంటే... జల్లెడా, ఇంకో మాటా."

"ముందు ఆ ఇంకో మాట కానీ."

"నాన్నా, ఆయన్ని కాస్త మంచినీళ్ళు తాగనివ్వొచ్చు కదా."

"నువ్వు నిచ్చెన మీదున్నావు. కిందికి చూస్తే కళ్ళు తిరుగుతాయి. చెప్పు అబ్బాయ్."

"మీ అమ్మాయిని పెళ్ళి చేసుకుంటానండి. మీరు సరేనంటే. తను సరేనంది."

"ఎప్పుడంది?"

"పందొమ్మిదో జల్లెడప్పుడు."

"ఇరవయ్యోది నాన్నా. పందొమ్మిదికి నేనేమీ అనలేదు."

"అనకపోతే నేను ఔననే అనుకున్నానండి."

"చూశావా, లెక్క అక్కడే ఒకటి తేడా వచ్చింది. మూడు డజన్ల జల్లెళ్ళు ఒక్క ఆటోలో పడతాయి. ఎవరైనా వారానికొకటి చొప్పున కొనుక్కుంటారా? ఇన్నేళ్ళలో ఇలాంటి గిరాకీ నాకు తగల్లేదు."

"ఒక్కొక్కటీ చూసి తీసుకోవాలని మా మ్యూజియంలో..."

"మ్యూజియాన్ని మధ్యలోకి లాగకు. సరే, నువ్వు మంచివాడివే. నీ మీద నాకున్న అనుమానం ఒక్కటే. నువ్వు పొద్దస్తమానం నక్షత్రాలతో, పాలపుంతలతో బేరాలాడే మనిషివి. అన్నీ కోట్లు, కోట్ల కోట్లు. నా కూతురేమో వెంట్రుకంత తీగతో వల అల్లే మనిషి. ఒక్క పోగు పక్కకి జరిగితే దానికి ముద్ద దిగదు. అంత పెద్ద లెక్కలు వేసేవాడి కంటికి ఇంత చిన్నది ఆనుతుందా?"

"మా పనే అదండి. చిన్నదాన్నీ పెద్దదాన్నీ పక్కపక్కన పెట్టి చూపించడం."

"అయితే నాకు చూపించు. ఈ షాపులో ఉన్నవాటితోనే. నేను చదివింది ఏడో క్లాసు, అది కూడా సగం. నాకు అర్థమవ్వాలి. ఎక్కడ కొలత తప్పితే అక్కడ ఆపేస్తాను."

"ఆపేస్తే?"

"ముప్పై ఆరో జల్లెడ చంకలో పెట్టుకుని వెళ్ళిపోతావు. ఇంకో మాట ఇక ఎత్తవు."

"నాన్నా, ఇదేం పద్ధతి?"

"ఈ షాపు పద్ధతే. పరీక్ష పెట్టకుండా మన జల్లెడ ఒక్కటైనా గడప దాటిందా? ఆ ఆవాల డబ్బా కిందికి ఇవ్వు. అబ్బాయ్, ఈ డబ్బా సంగతి తెలుసా?"

"తెలుసండి. లెక్కపెట్టి వంద గింజలు పోసి ఉంటాయి. జల్లెడ పట్టి, పైన ఎన్ని నిలిచాయో కింద ఎన్ని పడ్డాయో చూస్తారు. కన్నంలో తేడా ఉంటే లెక్కలో బయటపడుతుంది. పనయ్యాక వందా మళ్ళీ డబ్బాలో పడాలి."

"ఎవరు చెప్పారు?"

"పదహారో జల్లెడప్పుడు... విన్నాను."

"షాపు గుట్టంతా వారానికింత చొప్పున బయటికి పోయిందన్నమాట. కానీ, మొదలుపెట్టు."

"మొదట సెంటీమీటరు కన్నమున్న జల్లెడ. దాని కింది జల్లెడలో కన్నం పదో వంతు. దాని కిందిదాంట్లో మళ్ళీ అందులో పదో వంతు. అలా దిగుతూ పోతాం. నంబర్ రెండు కాస్త ఇలా..."

"అమ్మాయ్, ఇవ్వకు. ముందు నంబర్ రెండంటే ఏంటో చెప్పమను. మొదటిసారి వచ్చినప్పుడు ఈయనగారు సన్నపిండి జల్లెడ కావాలని నంబర్ రెండు అడిగాడు. గులకరాళ్ళ జల్లెడ తెచ్చి చేతిలో పెట్టాను."

"ఇప్పుడు తెలుసండి. అంగుళంలో ఎన్ని కన్నాలో అదే నంబరు. నంబరు పెరిగితే కన్నం తగ్గుతుంది."

"ఊఁ. ఇవ్వు."

"రెండు, పద్దెనిమిది, నూట యాభై. మూడూ ఒకదాని కింద ఒకటి. గులకరాయి మొదటిదాంట్లో ఆగిపోతుంది. ఆవగింజ రెండోదాంట్లో. రవ్వ మూడోదాంట్లో."

"పిండి?"

"పిండి జారిపోతుంది. దాన్ని ఆపాల్సిన కింది పదో వంతు జల్లెడ మీ దగ్గర లేదండి."

"నా దగ్గర లేని జల్లెడా? అమ్మాయ్, పై అరలో నాలుగొందల నంబరుంది, తియ్యి."

"అది నేను అల్లిందే నాన్నా. ఆయన చెప్పేదానికి దాని కన్నం కూడా నాలుగింతలు పెద్దది."

"నీకెలా తెలుసు?"

"... ఇరవై రెండో జల్లెడప్పుడు."

"సరే. నా దగ్గర లేదు. మీ ముప్పై ఆరింటిలో ఈ షాపులో దొరికేవి ఎన్ని?"

"మూడండి. ఈ మూడే. మిగతావాటికి మీరు చట్రం ఇచ్చారు, లోపల వల మేం బొమ్మ గీసుకుంటున్నాం."

"మా తాత, మా నాన్న, నేను. మూడు తరాలు, మూడు జల్లెళ్ళు. తరానికొకటి."

"నాన్నా, మొహం అలా పెట్టకు."

"పెట్టలేదు. లెక్క వేసుకుంటున్నాను. ఇంకా కిందికి దిగు అబ్బాయ్."

"మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నం. అందులో నెత్తుటిలో ఉండే ఎర్రకణం నిలుస్తుంది. ఇంకో రెండు జల్లెళ్ళు దిగితే మీకు మొన్న జలుబు తెప్పించిన క్రిమి. ఇంకో రెండు దిగితే పరమాణువు."

"ఇంతేనా? పరమాణువంటే పాతాళంలో ఉంటుందనుకున్నాను. వేళ్ళ మీద లెక్కపెట్టేలోపే వచ్చేసింది."

"దాని తర్వాతే అసలు సంగతండి. పరమాణువు కింద మూడు జల్లెళ్ళలో ఏమీ నిలవదు."

"ఏమీ అంటే?"

"ఏమీ లేదు. ఖాళీ. మూడూ దాటాక పరమాణువు నడిబొడ్డున ఉండే కేంద్రకం దొరుకుతుంది. దాని కింద ప్రోటాన్. అక్కడితో అడుగు."

"మూడు జల్లెళ్ళలో ఒక్క గింజ సరుకు లేదు. మరి ఎందుకు కట్టించుకున్నావు?"

"ఖాళీ చూపించడానికండి."

"ఖాళీ చూడ్డానికి కూడా జనం వస్తారా? వచ్చేవాళ్ళని అటునించి అటే మా షాపుకి పంపు. ఇంతకీ ఎలక్ట్రాన్ అంటారే, అదెక్కడ?"

"అది ఏ జల్లెడలోనూ నిలవదు సార్. దాని సైజు ఇంతవరకూ ఎవరికీ చిక్కలేదు."

"మా బావమరిది లాగా. ఉన్నాడంటారు. ఎక్కడున్నాడో ఎవరికీ చిక్కడు."

"నాన్నా, మావయ్య సంగతి ఇప్పుడెందుకు?"

"పోలిక కుదిరింది, అన్నాను. అబ్బాయ్, అంటే ఈ కౌంటరు కూడా లోపల ఖాళీయేనా?"

"చాలామటుకు ఖాళీయేనండి."

"మరి నా మోచేయి కిందికి దిగట్లేదేం?"

"మీ మోచేయి కూడా ఖాళీయే. కానీ ఒక ఖాళీ ఇంకో ఖాళీని లోపలికి రానివ్వదండి. నెట్టేస్తుంది."

"పక్క షాపువాడే. లోపల ఏమీ ఉండదు, మన బండి కాస్త అటు జరిగితే మాత్రం నెట్టేస్తాడు. ఇది బాగా అర్థమైంది. ఇప్పుడు పైకి ఎక్కు."

"నన్ను కిందికి దిగమంటావా నాన్నా?"

"దిగు. ఆయన ఎక్కుతాడు, నువ్వు దిగు."

"మొదటి సెంటీమీటరు జల్లెడకి పైన, కన్నం పదింతలు. జానెడు వస్తువు నిలుస్తుంది. దాని పైన మీటరు కన్నం. అంటే మీ షాపు తలుపు. మనిషి నిలువుగా వస్తే జారిపోతాడు. అడ్డంగా పడుకుంటే నిలుస్తాడు."

"మధ్యాహ్నం పూట నేను అలాగే నిలుస్తాను."

"అలా పదింతలు పదింతలు చేసుకుంటూ పోతే, వరసగా మూడు జల్లెళ్ళు వస్తాయండి. ఒకదాంట్లో భూమి, దాని పైదాంట్లో గురుగ్రహం, దాని పైదాంట్లో సూర్యుడు."

"సూర్యుడికీ భూమికీ తేడా రెండే జల్లెళ్ళా?"

"రెండు పదులంటే వంద కదండీ. ఈ తొమ్మిదంగుళాల జల్లెడ సూర్యుడనుకోండి. ఈ ఆవగింజ భూమి. సరిగ్గా సరిపోతుంది. ఇదుగో, పక్కన పెడుతున్నాను, చూడండి."

"ఎక్కడ పెట్టావు?"

"ఇక్కడే, కౌంటరు మీద."

"అంతే దూరమా?"

"అంటే..."

"అడుగుతున్నాను. సూర్యుడి పక్కన జానెడు దూరంలో ఉంటే మనం ఇంకా మాడిపోలేదేం?"

"తప్పండి. ఇక్కడ పెట్టకూడదు. పుస్తకాల్లో బొమ్మలన్నీ ఇలాగే పక్కపక్కన ఉంటాయి, ఆ అలవాటులో..."

"పుస్తకాల్లో తప్పుంటే నీ కొలతలో ఉండొచ్చా?"

"ఉండకూడదు."

"నాన్నా, ఊరికే చూపించడానికి పెట్టాడు."

"పెట్టాడా? ఇందాకటిదాకా 'ఆయన' అన్నావు."

"... పెట్టారు."

"ఆపేస్తారా సార్?"

"తప్పని నువ్వే అన్నావు కాబట్టి ఒక్క అవకాశం. ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టి రా."

"ముప్పై మూడు అంగలు. రోడ్డు దాటాలి. ఎదురు సెలూన్ మెట్టు దగ్గరికి వస్తుంది."

"పో. గింజ జాగ్రత్త. వందలో ఒకటి."

"వెళ్తున్నానండి."

"నాన్నా."

"ఊఁ."

"నీకు ఇష్టం లేకపోతే లేదని చెప్పెయ్. పాపం, ఆయన చేత రోడ్డు మీద అంగలు వేయించడమెందుకు?"

"అంగలు సమంగా వేస్తున్నాడా లేదా చూడనివ్వు. బస్సు అడ్డం వచ్చింది."

"ఆగాడు. మళ్ళీ మొదట్నించి లెక్కపెడుతున్నాడు."

"మొదట్నించా?"

"మన గడప దగ్గరికి వచ్చేశాడు చూడు."

"ఊఁ."

"సార్, వినపడుతోందా? సెలూన్ మెట్టు మీద పెట్టాను."

"నువ్వు కనపడుతున్నావు. భూమి కనపడటం లేదు."

"కనపడదండి."

"మనమంతా దాని మీదే ఉన్నామా?"

"అందరం. మీ షాపు కూడా."

"గిరాకీ కూడా?"

"గిరాకీ కూడా."

"మరి అన్నిటికన్నా చివరి గ్రహం?"

"నెప్ట్యూన్. మీ కౌంటరు నుంచి ఏడు వందల నలభై మీటర్లు."

"అమ్మాయ్, ఏడు వందల నలభై అంటే ఎక్కడిదాకా?"

"వాటర్ ట్యాంకు సందు. మన ఇల్లు."

"అంటే నేను ఇన్నేళ్ళుగా రోజూ పొద్దున నెప్ట్యూన్ నుంచి సూర్యుడి దగ్గరికి సైకిలు తొక్కుతున్నాను. మోకాళ్ళ నొప్పి ఎందుకు రాదు? అబ్బాయ్, నెప్ట్యూన్ దాటితే?"

"పక్క నక్షత్రం ఆరువేల ఆరొందల కిలోమీటర్లు. మధ్యలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు."

"పాలపుంత?"

"ఇదే కొలతలో అయితేనండి, ఈ చివర్నించి ఆ చివరికి, నిజం భూమికీ నిజం సూర్యుడికీ మధ్య ఎంత దూరముందో అంత. ఇవాళ నేను తీసుకెళ్ళాల్సిన ముప్పై ఆరో జల్లెడ దానికే."

"ఇంకోసారి చెప్పు. లారీ వెళ్ళింది."

"సూర్యుణ్ణి జల్లెడంత, భూమిని ఆవగింజంత చేసేశాక కూడా, పాలపుంత మాత్రం నిజం సూర్యుడి దాకా సాగుతుంది సార్."

"నాన్నా, జల్లెడని అలా తిప్పి తిప్పి చూస్తున్నావేం?"

"ఏం లేదు. ముప్పై ఆరు జల్లెళ్ళలో ఇంత ఉందా? మూడు డజన్లు. నేను ఒక్క పూటలో కట్టిన రోజులున్నాయి."

"సార్."

"ఏంటి?"

"భూమి పోయింది."

"పోవడమేంటి?"

"నేను మీతో మాట్లాడుతుంటే సెలూన్ ఆయన మెట్టు ఊడ్చేశాడండి."

"భూమిని ఊడ్చేశాడా?"

"జుట్టుతో పాటు."

"నాన్నా, నవ్వకు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని వెతుకుతున్నాడు."

"ఇస్త్రీ చొక్కాతోనా?"

"ఇస్త్రీ చొక్కాతోనే. ఆ చెత్తంతా కాగితం మీద పోసుకుని జుట్టు విడదీస్తున్నాడు. సెలూన్ ఆయన కూడా కూర్చున్నాడు."

"ఎవరి జుట్టో ఏమో."

"పిలువు నాన్నా. ఆవగింజే కదా, కిరాణాకొట్టులో బోలెడు."

"కిరాణా ఆయన బయటికి వచ్చాడు చూడు. ఏంటి చేతిలో?"

"గుప్పెడు ఆవాలు. ఇస్తున్నాడు. తీసుకో, తీసుకో, నువ్వు తీసేసుకో."

"వినపడదు. గట్టిగా చెప్పినా ఆ బస్సు మోతకి వినపడదు. ఊరుకుని చూడు."

"... దణ్ణం పెట్టి వద్దంటున్నాడు. పిచ్చి మనిషి."

"కూర్చో. టీ తాగు. వెతకనివ్వు."

"నాకొద్దు."

"అయితే అతని టీ మీద మూత పెట్టు."

"పెట్టాను. అదుగో, లేచి వస్తున్నాడు."

"సార్, దొరకలేదు."

"అరగంట వెతికావు. మోకాళ్ళు చూసుకో. ఎవరిదో తెల్లజుట్టు."

"దులుపుకుంటానండి."

"కిరాణా ఆయన గుప్పెడు ఇచ్చాడుగా. ఒకటి తెచ్చి డబ్బాలో వేస్తే నాకేం తెలుస్తుంది?"

"తెలియదండి. కానీ అది ఈ డబ్బా గింజ కాదు. ఒక పిసరు పెద్దదైతే రేపు ఎవరిదో మంచి జల్లెడే తప్పుగా తేలుతుంది."

"అయితే ఇప్పుడు డబ్బాలో ఎన్ని?"

"తొంభై తొమ్మిది."

"దూరం ఒకసారి తప్పావు. గింజ ఒకటి పోగొట్టావు."

"అవునండి."

"మాట ఏమనుకున్నాం?"

"జల్లెడ తీసుకుని వెళ్ళిపోవాలి. ఇంకో మాట ఎత్తకూడదు."

"నాన్నా, ఒక్క ఆవగింజకా?"

"మనందరం దాని మీదే ఉన్నామని ఇప్పుడేగా చెప్పాడు. అదుగో జల్లెడ, కాగితం చుట్టి పెట్టాను. తీసుకో అబ్బాయ్."

"వెళ్ళొస్తాను సార్. టీకి థాంక్స్. ... వెళ్ళొస్తానండి."

"నన్ను అండి అనకు."

"ఆగు అబ్బాయ్. గడప దాటకు. ముప్పై ఆరు జల్లెళ్ళకి ఎనిమిది నెలలు ఎందుకు పట్టిందో తెలుసా?"

"తప్పు నాదేనండి. ఇంక దాచడమెందుకు. ఒకేసారి తీసుకుంటే మళ్ళీ రావడానికి వంక ఉండదని, నేనే ఒక్కొక్కటీ అడిగాను."

"నువ్వు ఒక్కొక్కటీ అడిగావు. ప్రతిసారీ నేనేం చెప్పాను?"

"చట్రం చెక్క పచ్చిగా ఉంది, వారం ఆగమన్నారు."

"అమ్మాయ్, మన చెక్క ఎప్పుడు ఆరింది?"

"... రెండేళ్ళ కిందట."

"మరి నాకు ఒక్కసారైనా గుర్తుచెయ్యలేదేం?"

"నువ్వు మర్చిపోయావనుకున్నాను. మర్చిపోతే మంచిదేగా అని ఊరుకున్నాను. నాన్నా, అంటే నువ్వు..."

"మూడోసారి వచ్చినప్పుడు జల్లెడ కౌంటరు మీదే మర్చిపోయి వెళ్ళాడు. జల్లెడ కోసం వచ్చినవాడు జల్లెడ మర్చిపోతాడా? ఆ రోజే అర్థమైంది. అప్పట్నించీ చెక్క ఆరడం మానేసింది."

"సార్, ఎనిమిది నెలలూ మీరు..."

"తొమ్మిదోసారి వానలో వచ్చావు. జల్లెడకి నీ చొక్కా కప్పి నువ్వు తడిసిపోయావు. పదమూడోసారి కావాలనే వంకర చట్రం ఇచ్చాను. తిరిగొచ్చి, నేనే సరిగ్గా పట్టుకోలేదేమో అన్నావు. ఇరవై ఎనిమిదోసారి ఇద్దరూ పోట్లాడుకున్నారు. అయినా మర్నాడు వచ్చావు."

"అదీ చూశావా నాన్నా?"

"షాపు నాది. ఇన్నిసార్లు సరిగ్గా ఉన్నావు, బాగానే ఉంది. తప్పినప్పుడు ఎలా ఉంటావో మాత్రం తెలియలేదు. అది ఇవాళ చూశాను."

"మరి... ఆ తొంభై తొమ్మిది సార్?"

"రేపు ఇంకోటి కొలిచి వేసుకుంటాం, అది మా ఇద్దరి పని. నీ ఆర్డరు పూర్తయింది. ఇంక ఈ షాపుకి రావద్దు."

"సార్..."

"ఆదివారం మీ పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని నెప్ట్యూన్ దగ్గరికి రా."